మందు కల్లు, మడి చేప, పుట్టబోయే మెదడు

2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా బీర్కూర్ మండలం దామరంచలోనూ, పక్కనున్న నస్రుల్లాబాద్ మండలంలోని దుర్కి, అంకోల్ ఊళ్లలోనూ కల్లు తాగినవాళ్లు ఒకరి వెనక ఒకరు పడిపోయారు. మెడలు పట్టేశాయి. నాలుక తిరగలేదు. ఇంట్లోవాళ్లకే మనిషి కొత్తగా కనిపించాడు. పదుల మందిని బాన్సువాడ ఆసుపత్రికి తీసుకెళ్లారు. రెండు మూడు రోజులు పేపర్ల నిండా అదే వార్త. ఆ తర్వాత ఊరు యాసంగి కోతల్లో పడిపోయింది.

ఈ తావులో ‘మందు కల్లు’ కొత్త మాటేమీ కాదు. చెట్టు మీంచి దిగిన కల్లు వేరని, సీసాలో వచ్చే కల్లు వేరని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈత చెట్టు నుంచో తాటి చెట్టు నుంచో దించిన కల్లు పొద్దున తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. ఎంత పులిసినా అందులో ఆల్కహాల్ నూటికి నాలుగైదు పాళ్లే. చెట్లు తగ్గి తాగేవాళ్లు పెరిగిన చోట సీసాలో కల్లు పాలు తగ్గి నీళ్ల పాలు పెరుగుతుంది. తీపికి సాక్రిన్ కలుపుతారు, మత్తుకు మందు కలుపుతారు. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్ కలిపేవాళ్లు, తర్వాత డైజిపాం వచ్చింది, ఇప్పుడు ఎక్కువగా పట్టుబడుతున్నది అల్ప్రాజోలం. ఈ చివరి రెండూ అన్నదమ్ములు. వైద్యులు ఆ కుటుంబానికి పెట్టిన పేరు బెంజోడయజెపిన్లు. డాక్టరు చీటీ రాస్తే నిద్రకో, ఆందోళనకో, ఫిట్సుకో వాడే మాత్రలివి. అల్ప్రాజోలం మాత్ర సాధారణంగా పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము ఉంటుంది. సీసాలో ఎంత ఉందో చెప్పే చీటీ ఏదీ ఉండదు.

పగలంతా నాట్లకు వంగి, సాయంత్రం ఒళ్లు నొప్పులకని గ్లాసు కల్లు తాగే ఆడవాళ్లు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. వాళ్లలో ఒకామెకు నెల తప్పి పది రోజులే అయిందనుకోండి. కడుపులో ఒక ప్రాణం మొదలైన సంగతి ఆమెకే ఇంకా తెలియదు. ఆ గ్లాసులోని మందు అక్కడిదాకా వెళ్తుందా? వెళ్తే, అప్పుడే అల్లుకుంటున్న మెదడును ఏం చేస్తుంది?

తల్లి కడుపులోకి తొంగిచూసి దీనికి జవాబు వెతకలేం. గర్భిణులకు మందిచ్చి పరీక్షించడం ఏ వైద్యుడూ తలపెట్టని పని. అందుకే శాస్త్రవేత్తలు ఒక చిట్టి చేప గుడ్డు దగ్గరికి వెళ్లారు. ఆ గుడ్డు అద్దం లాంటిది.

వరి మడి నుంచి ల్యాబు దాకా

దాని పేరు జీబ్రాఫిష్. వేలి పొడవంత కూడా ఉండదు, ఒంటి మీద తల నుంచి తోక దాకా సాగిన నీలి చారలు ఉంటాయి. పుట్టిల్లు మన ఉపఖండమే. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా పరీవాహకంలోని చేపల మీద 1822లో అచ్చువేసిన పుస్తకంలో దీన్ని మొదట వర్ణించాడు. దీని శాస్త్రీయ నామంలోని ‘డానియో’ అనే ముక్కను బెంగాలీ ‘ధాని’ నుంచి తీసుకున్నాడు. ధాన్‌ అంటే వరి. అంటే ఇది వరి మడి చేప. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే బీర్కూర్ మడుల్లో వల వేయకుండానే దోసిట్లోకి వచ్చే పరక పిల్లలను చూసినవాళ్లకు ఈ పేరు వెంటనే అతుకుతుంది.

దీన్ని ప్రయోగశాలకు తెచ్చినవాడు అమెరికాలో ఓరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ స్ట్రైసింగర్. 1970లలో అక్వేరియం దుకాణాల్లో దొరికే ఈ చేపలతో పని మొదలుపెట్టి, 1981లో వాటి క్లోన్లను, అంటే అచ్చు నకళ్లను తయారుచేసి చూపించాడు. 2013లో దీని జన్యుపటం పూర్తిగా వెలువడినప్పుడు తేలిందేమిటంటే, మనిషి జన్యువుల్లో నూటికి డెబ్బైకి ఈ చేపలో కనీసం ఒక సాటి జన్యువు ఉంది. హైదరాబాద్‌లో సీసీఎంబీలోనూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లోనూ వరసగా పేర్చిన తొట్లలో ఈ చేపలు తిరుగుతుంటాయి.

చేపను ఎంచుకున్నది మనిషిని పోలి ఉందని ఒక్కదానికే అయితే ఎలుక ఇంకా దగ్గర. ఈ చేపకున్న వరం వేరు. దీని పిండం తల్లి ఒంట్లో పెరగదు, బయట నీళ్లలో పెరుగుతుంది. పైగా పారదర్శకంగా ఉంటుంది. ఒక ఆడ చేప వారానికి రెండు మూడు వందల గుడ్లు పెడుతుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే పొర చీల్చకుండా, సూది గుచ్చకుండా, మెదడు కట్టుకోవడాన్ని మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూడొచ్చు.

ఐదు రోజుల కట్టుబడి

తొట్టిలో దీపం వెలిగించగానే, అంటే చేపల లెక్కలో తెల్లవారగానే, గుడ్లు పడతాయి. నీటిని 28.5 డిగ్రీల వద్ద ఉంచుతారు. ముప్పావు గంటకు ఒక కణం రెండవుతుంది. అక్కడి నుంచి పావుగంటకోసారి రెట్టింపు. మూడో గంటకు సజ్జ గింజంత కూడా లేని గుడ్డు మీద వెయ్యి కణాల కుప్ప. పదో గంటకు ఆ కుప్ప పరుచుకుని, వీపు వైపు మెదడుకు, వెన్నుపాముకు పునాది పడుతుంది. పదిహేడో గంటకు తోక ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. వెన్నులోని నరకణాలు కండరానికి పంపిన మొదటి కబురు అది. ఇరవై నాలుగో గంటకు గుండె కొట్టుకోవడం మొదలవుతుంది, ముందు మెదడు, నడి మెదడు, వెనక మెదడు విడివిడిగా కనబడతాయి, కళ్లు రెండూ తేటపడతాయి. రెండు మూడు రోజుల్లో పిల్ల గుడ్డు పొర చీల్చుకుని బయటికొస్తుంది. ఐదో రోజుకు ఈదుతుంది, వేటాడుతుంది. అప్పటికి దాని మెదడులో సుమారు లక్ష నరకణాలు ఉంటాయి.

ఇదే పని మనిషిలో నెలల మీద సాగుతుంది. కాని మొదటి అంకం మనలోనూ తొందరగానే ముగుస్తుంది. ఫలదీకరణ తర్వాత 28 రోజులకల్లా మెదడుకు, వెన్నుపాముకు ఆధారమైన నాళం మూసుకుంటుంది. అప్పటికి తల్లికి నెల తప్పి రెండు వారాలు. చాలామంది పరీక్ష చేయించుకునే వేళకు పునాది పని అయిపోయి ఉంటుంది.

మందు పరీక్ష ఎలా చేస్తారంటే, అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ పలక ఒకటి తీసుకుంటారు. అందులో 24 చిన్న గుంతలు ఉంటాయి. ఒక్కో గుంతలో రెండు మిల్లీలీటర్ల నీళ్లు, ఒక్క గుడ్డు. ఒక వరసకు మామూలు నీళ్లు, మిగతా వరసలకు పరీక్షించే మందు. ఒక్కో పలకకు ఒక్కో మోతాదు, పలచన నుంచి చిక్కన దాకా. ఓఈసీడీ 2013లో ఖరారు చేసిన 236వ నంబరు పరీక్ష పద్ధతి ఇదే. నాలుగు రోజుల పాటు రోజూ నాలుగు సంగతులు చూస్తారు. గుడ్డు విరిగిన పాలలా గడ్డకట్టిందా, ఒంట్లో కండర ఖండాలు ఏర్పడలేదా, తోక పచ్చసొన సంచి నుంచి విడివడలేదా, గుండె ఆగిందా. నాలుగింట్లో ఏ ఒక్కటి ఉన్నా ఆ పిండం చనిపోయినట్టు లెక్క.

ఇది చావు లెక్కించే పరీక్ష. మెదడు లెక్క ఇక్కడ తేలదు. బతికిన పిల్ల బాగున్నట్టేనా అన్న ప్రశ్నకు వేరే దారి పట్టాలి.

ఒంటికన్ను నుంచి ఒంటరితనం దాకా

ఆ దారి నూరేళ్ల పైనే నలిగింది. చార్లెస్ స్టాకార్డ్ అనే అమెరికన్ పిండశాస్త్రవేత్త అట్లాంటిక్ తీరంలో దొరికే ఫండ్యులస్ అనే చిన్న చేప గుడ్లను మెగ్నీషియం లవణాల్లో, ఆ తర్వాత ఆల్కహాల్‌లో పెంచి చూశాడు. 1910 నాటి అతని నివేదికలో నుదుటి మధ్య ఒకటే కన్నున్న చేప పిల్లలు కనిపిస్తాయి. ముఖం రెండు సగాలుగా విడివడాలంటే మెదడు నడిగీత వెంట ఒక రసాయన సంకేతం సరైన వేళకు వెలువడాలి. దాన్ని శాస్త్రవేత్తలు ఒక వీడియో గేము పాత్ర పేరుతో ‘సోనిక్ హెడ్జ్‌హాగ్’ అని పిలుస్తారు. ఆ సంకేతం అందకపోతే కళ్లు విడిపోవు, ముందు మెదడు రెండు అర్ధగోళాలుగా చీలదు.

అయినా మనుషుల విషయంలో ఈ సంగతి వైద్యులు ఒప్పుకోవడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. గర్భంలో ఆల్కహాల్ తగిలిన పిల్లల్లో కనిపించే లక్షణాలకు 1973లో ‘ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. చిన్న తల, పలచని పై పెదవి, ముక్కుకీ పెదవికీ మధ్య చదునైన చోటు, చదువులో వెనకబాటు.

అయితే ఒంటికన్ను, చిన్న తల కంటికి కనబడే హాని. కంటికి కనబడని హాని సంగతి టొరంటో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ గెర్లాయ్ బృందం 2009లో బయటపెట్టింది. ఆ ప్రయోగాన్ని దగ్గరగా చూడాలి.

వాళ్లు సరిగ్గా 24 గంటల వయసున్న జీబ్రాఫిష్ గుడ్లను తీసుకున్నారు. ఆల్కహాల్ కలిపిన నీళ్లలో రెండే రెండు గంటలు ఉంచారు. నీటిలో ఆల్కహాల్ నూటికి పావు పాలు నుంచి ఒక పాలు వరకు. గుడ్డు పొర దాటి లోపలికి చేరేది అందులో చిన్న వంతే. తర్వాత కడిగేసి, మంచినీళ్లలో వేసి, మామూలుగా పెంచారు. ఏ పిల్లా వంకరగా పుట్టలేదు. ఒంటికన్ను లేదు, గూని లేదు. పెరిగి పెద్దయ్యాక చూసినా ఏది మందు తగిలిన చేపో, ఏది తగలనిదో చెప్పలేరు.

అప్పుడు ఒక్కో చేపను ఒంటరిగా తొట్టిలో వదిలి, అద్దం పక్కన ఉన్న తెర మీద ఈదుతున్న చేపల గుంపు బొమ్మ చూపించారు. జీబ్రాఫిష్ గుంపు చేప. తోటివాళ్లు కనిపిస్తే ఒక్క క్షణం ఆగదు, అటు దూసుకుపోయి అద్దానికి ముక్కు ఆనించి ఈదుతుంది. మామూలు చేపలు అదే చేశాయి. గుడ్డులో రెండు గంటలు ఆల్కహాల్ తగిలిన చేపలు మాత్రం దూరంగా ఉండిపోయాయి. తగిలిన పాలు ఎంత ఎక్కువైతే దూరం అంత ఎక్కువ. వాటికి కళ్లు కనబడక కాదు, ఈదడం చేతకాక కాదు. తోటివాళ్ల దగ్గరికి వెళ్లాలనిపించలేదు.

రెండు గంటల తప్పు జీవితమంతా నిలిచిపోయింది. పైకి మచ్చ కూడా లేదు.

తూము కథ

కల్లులో ఆల్కహాల్ సంగతి ఇది. ఇక అందులో కలిపే మందు సంగతి. దీన్ని అర్థం చేసుకోవడానికి బీర్కూర్ రైతుకు తెలిసిన తూము చాలు.

మంజీర మీద నిజాంసాగర్‌ను 1923 నుంచి 1931 దాకా కట్టారు. దాని కాలువల కింద ప్రతి మడికి ఒక తూము. షట్టరు ఎత్తితే నీళ్లు ఎటు పోతాయి? మట్టం ఎటు తక్కువగా ఉంటే అటు. కాలువ ఎత్తున ఉంటే మడిలోకి పారతాయి. మడి నిండి కాలువ అడుగంటితే అదే తూము గుండా వెనక్కి పోతాయి. తూముకు దిక్కు తెలియదు, మట్టమే తెలుసు.

నరకణం గోడకూ ఇలాంటి తూములు ఉన్నాయి. వాటిలో ఒక రకం గుండా పారేది క్లోరైడ్, మన ఉప్పులో ఉండేదే. షట్టరు ఎత్తే చెయ్యి ‘గాబా’ అనే రసాయనం. పెద్దవాళ్ల మెదడులో కణం లోపల క్లోరైడ్ తక్కువ, బయట ఎక్కువ. గాబా తగిలి తూము తెరుచుకుంటే క్లోరైడ్ లోపలికి పారి కణం శాంతిస్తుంది. అందుకే గాబాను మెదడుకు కళ్లెం అంటారు. బెంజోడయజెపిన్ తనంతట తాను షట్టరు ఎత్తదు. గాబా చెయ్యి పడ్డప్పుడు షట్టరు మరిన్ని సార్లు లేచేలా చేస్తుంది. శాంతి మీద శాంతి కలిసి మనిషి జోగుతాడు, నిద్రపోతాడు.

పిండంలో కథ అడ్డం తిరుగుతుంది. అప్పుడే పుట్టిన నరకణం లోపల క్లోరైడ్ పెద్ద కణంలో ఉన్నంత తక్కువగా ఉండదు, మట్టం లోపలి వైపే ఎత్తుగా ఉంటుంది. అదే గాబా, అదే తూము, కాని తెరిస్తే క్లోరైడ్ బయటికి పారుతుంది, కణం ఉత్తేజపడుతుంది. పెద్ద మెదడులో ‘ఊరుకో’ అని చెప్పే మాట, పిండం మెదడులో ‘లే, పెరుగు, దారి వెతుక్కో’ అని చెబుతుంది. ఏ కణం ఎక్కడికి వెళ్లి స్థిరపడాలి, ఏ తీగ దేనికి కలవాలి అన్న తొలి కబుర్లలో గాబా ఒకటి. తర్వాత కేసీసీ2 అనే పంపు కణం గోడలో కుదురుకుని, లోపలి క్లోరైడ్‌ను బయటికి తోడేస్తుంది. మట్టం మారుతుంది. అక్కడి నుంచి గాబా కళ్లెంగా మారుతుంది. చేపలో ఇది రోజుల్లో జరిగిపోతుంది. మనిషిలో గర్భం చివరి నెలల్లో మొదలై పుట్టాక కూడా సాగుతుంది.

ఈ మాట ఎంత గట్టిదో తేల్చింది మళ్లీ జీబ్రాఫిషే. 2008లో వెలువడిన ఒక పరిశోధనలో ఆ పంపును చేప పిండానికి మొదటి గంటల నుంచే అందేలా చేశారు. అంటే గాబా ఉత్తేజపరచాల్సిన కాలంలోనే శాంతపరచడం మొదలుపెట్టింది. ఫలితంగా నరకణాల సంఖ్య తగ్గింది, నరాల తీగలు అల్లుకోవాల్సినంత అల్లుకోలేదు. ఆ తొలి ఉత్తేజం మెదడు కట్టుబడికి కావాల్సిన సరుకేనని తేలింది.

ఇప్పుడు అల్ప్రాజోలం సంగతి ఆలోచించండి. పెద్దవాళ్లకు నిద్రనిచ్చే మందు తూము షట్టరును మరింత లేపుతుంది, అంతే. మట్టం ఎటు ఉందో దానికి అక్కర్లేదు. తల్లి మెదడులో ఆ తూము నిద్రను పారిస్తుంది. బిడ్డ మెదడులో అదే తూము కట్టుబడి కబుర్లను పారిస్తుంది, అవసరం లేని వేళకు, అవసరం లేనంత. తల్లి తాగిన గ్లాసును తల్లి ఒంటితో కొలిచి, మత్తు దిగిపోయింది కదా అని ఊరుకుంటే లెక్క తప్పుతుంది. పిండం చిన్న మనిషి కాదు. అది వేరే మట్టంలో బతుకుతున్న ప్రాణి.

ఆరు రోజులు, మూడు తరాలు

మెదడు మందుల విషయంలో చేప చెప్పిన మరో సంగతి మన తాతముత్తాతల లెక్కల్ని గుర్తుకు తెస్తుంది. కెనడాలోని ఒట్టావా విశ్వవిద్యాలయం వాళ్లు దిగులుకు వాడే ఫ్లూఆక్సెటిన్‌ను జీబ్రాఫిష్ గుడ్లకు మొదటి ఆరు రోజులు మాత్రమే ఇచ్చారు. ఒక మోతాదును, ఆ మందు వాడే తల్లుల బొడ్డుతాడు రక్తంలో కనిపించే స్థాయికి సరిపోల్చి ఎంచుకున్నారు. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆ పిల్లలు పెద్దవయ్యాక ప్రమాదం ఎదురైతే ఒంట్లో ఊరాల్సిన కార్టిసాల్ సరిగా ఊరలేదు. వాటి పిల్లల్లోనూ అంతే, మనుమలలోనూ అంతే. మందును ఎన్నడూ ముట్టని మూడో తరం మగ చేపల దాకా ఆ లోటు కనిపించింది. బెదురు లేని చేప ధైర్యవంతురాలు అనుకోకండి. నీళ్లలో బెదురే ఆయుష్షు.

నది మోసుకొచ్చేది

మందు సీసాలోనే కాదు, నీళ్లలోనూ వస్తుంది. బీర్కూర్ పక్కన పారే మంజీర మహారాష్ట్రలో బీడ్ జిల్లా కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా సంగారెడ్డి జిల్లాలోకి వచ్చి, సింగూరు దాటి, ఉత్తరానికి మలుపు తిరిగి, నిజాంసాగర్ నిండి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఈ దారిలో నిజాంసాగర్‌కు ఎగువన దానిలో కలిసే వాగుల్లో నక్కవాగు ఒకటి. అది పటాన్‌చెరు పారిశ్రామికవాడ మీదుగా వస్తుంది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్షన్ బృందం పటాన్‌చెరులోని సామూహిక శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ప్రకటించిన లెక్క ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది. సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థాలు అక్కడికి చేరేవి. ‘శుద్ధి’ అయిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. రోజుకు 44 కిలోలు పారుతున్నట్టు అంచనా. స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత. తర్వాత అదే నీటిని పలచన చేసి జీబ్రాఫిష్ గుడ్ల మీద, కప్ప తోకపిల్లల మీద పరీక్షించారు. నూరు పాళ్లలో మూడు నుంచి ఎనిమిది పాళ్లు ఆ నీళ్లు కలిస్తే చాలు, ఆరు రోజుల్లో చేప పిండాల్లో సగం చనిపోయాయి. 500 రెట్లు పలచన చేసినా తోకపిల్లల ఎదుగుదల కుంటుపడింది. పటాన్‌చెరు నీళ్ల కోసం దశాబ్దాలుగా స్థానిక వైద్యుడు అల్లాని కిషన్ రావు లాంటివాళ్లు, రైతులు కోర్టుల చుట్టూ తిరిగింది ఊరికే కాదు. ఆ వ్యర్థాలను హైదరాబాద్ వైపు, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించే పైపులైను ఆ తర్వాత వచ్చింది.

ఇందులో మెదడు మందుల వాటా ఏమిటి? దానికి జవాబు స్వీడన్ చేపలే చెప్పాయి. ఒంట్లోకి వెళ్లిన డైజిపాం కాలేయంలో విరిగి, కొంత ఆక్సజెపాంగా మారి మూత్రంలో బయటికొస్తుంది. 2013లో టోమస్ బ్రోడిన్ బృందం పెర్చ్ అనే చేపలను లీటరుకు 1.8 మైక్రోగ్రాముల ఆక్సజెపాం ఉన్న నీటిలో వారం రోజులు ఉంచింది. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షల వంతు. ఆ కాస్తకే చేపలు గుంపు వదిలాయి, మామూలుకంటే ఎక్కువగా తిరిగాయి, తిండి మీద ఎగబడ్డాయి. గుంపు వదిలిన చేప మరో చేపకు దొరుకుతుంది. మనిషి నిద్ర కోసం మింగిన మాత్ర, చేప జాగ్రత్తను మింగింది.

చేప మాటకు హద్దులు

ఇంతవరకు చెప్పింది చేప సాక్ష్యం. ఏ సాక్ష్యాన్నయినా ఎదురు ప్రశ్న వేశాకే నమ్మాలి. చేపకు మాయ లేదు, గుడ్డు నేరుగా మందు నీళ్లలో తేలుతుంది. తల్లి కాలేయం ముందుగా మందును విరగ్గొట్టే సౌకర్యం దానికి లేదు. తల్లి రక్తంలో మోతాదు గంట గంటకూ మారుతుంది, గుంతలో మారదు. ఒక జంతువు సాక్ష్యం మీదే నమ్మకం పెడితే ఏమవుతుందో థాలిడోమైడ్ చెప్పింది. ఎలుకల్లో పెద్దగా తేడా చూపని ఆ మాత్ర 1950ల చివర్లో, 60ల మొదట్లో వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టడానికి కారణమైంది. అది ఒంట్లో పట్టుకునేది సెరెబ్లాన్ అనే ప్రొటీన్‌నని 2010లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చినప్పుడు, వాళ్లకు రుజువిచ్చిన ప్రాణుల్లో జీబ్రాఫిష్ ఒకటి.

మనుషుల సంగతిలో గట్టిగా తెలిసినవి ఇవి. డైజిపాం, అల్ప్రాజోలం మాయను దాటతాయి. డైజిపాం ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది, అది విరిగితే వచ్చే పదార్థం ఇంకా ఎక్కువ కాలం. గర్భం చివరి వారాల్లో ఎక్కువగా వాడితే పుట్టిన బిడ్డ ఒళ్లు వదిలేసినట్టు మెత్తగా ఉంటుంది, పాలు సరిగా పట్టదు, ఊపిరి మందగిస్తుంది. కొందరు పిల్లలు పుట్టిన కొన్ని రోజులకు వణుకుతారు, ఆపకుండా ఏడుస్తారు. అది మందు అలవాటు తెగిన బాధ. 1970లలో ఈ మందుల వల్ల అంగిలి చీలిక వస్తుందన్న భయం బలంగా ఉండేది. తర్వాతి పెద్ద అధ్యయనాల్లో ఆ ముప్పు ఉన్నా చాలా స్వల్పమని తేలింది. ఆల్కహాల్ విషయంలో అలాంటి ఊరట లేదు. గర్భంలో ఇంతవరకు పర్వాలేదు అనదగ్గ మోతాదును వైద్యులు చెప్పరు. మందు కల్లు సీసాలో ఈ రెండూ కలిసే ఉంటాయి.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది చదివి, రోజూ మందు కల్లు తాగే గర్భిణిని ఇవాళే మాన్పించేస్తే మేలు కంటే కీడే ఎక్కువ కావచ్చు. ఈ మందు ఒంటికి అలవాటయ్యాక ఒక్కసారిగా తెగితే ఫిట్స్ వస్తాయి, మనసు చెదిరిపోతుంది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్ ఆసుపత్రి, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల అలాంటివాళ్లతో నిండాయి. తల్లికి ఫిట్స్ వస్తే బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. డాక్టరు చూస్తుండగా మెట్టు మెట్టుగా దించాలి. ఫిట్సుకు, మానసిక జబ్బుకు చీటీ మీద మందు వాడే గర్భిణి కూడా అంతే, భయపడి తనంతట తాను ఆపకూడదు. ఏ మందు మార్చాలో, ఎంత తగ్గించాలో వైద్యుల దగ్గర లెక్క ఉంది. మందు కల్లు సీసాకే ఆ లెక్క లేదు.

అడగాల్సిన మాట

గర్భిణి పేరు నమోదయినప్పుడు ఆశా కార్యకర్త ఇంటికి వస్తుంది, బరువు చూస్తారు, రక్తం చూస్తారు, ఐరన్ మాత్రలు ఇస్తారు. బీర్కూర్ లాంటి చోట దాంతో పాటు ఇంకో మాట అడగాలి. అది తప్పు పట్టినట్టు అడిగితే జవాబు రాదు. ‘కల్లు తాగుతవా వదినె? చెట్టు కల్లా, సీసా కల్లా? రోజూనా, ఎప్పుడన్ననా?’ అని ఇంటి మనిషిలా అడగాలి. పెళ్లయి పిల్లల కోసం చూస్తున్న అమ్మాయిని ముందే అడిగితే ఇంకా మంచిది, ఎందుకంటే పునాది పడేది మనకు తెలియకముందే.

ఏప్రిల్ వార్తలో మనం లెక్కపెట్టింది పడిపోయినవాళ్లను. ప్లాస్టిక్ పలక పరీక్ష లాగా మనం కూడా గుండె ఆగిందా, ఊపిరి ఉందా అనే చూశాం. లేచి ఇంటికి వెళ్లినవాళ్లను బాగున్నట్టు రాసుకున్నాం. పుట్టిన బిడ్డకు అన్ని వేళ్లూ ఉన్నాయని చూసుకుని నిమ్మళపడతాం. అదే బిడ్డ అయిదేళ్లకు అంగన్‌వాడీలో అందరూ గుండ్రంగా కూర్చుని ఆడుతుంటే గోడ వైపు తిరిగి కూర్చుంటే, ‘వీడి తత్వమే అంత’ అనుకుంటాం. కొందరి తత్వం నిజంగానే అంత. కాని టొరంటోలో ఆ తొట్టి పక్కన నిలబడ్డవాళ్లు కూడా, గుడ్డు లెక్క రాసుకోకపోయి ఉంటే, గుంపుకు దూరంగా ఈదుతున్న ఆ చేపను చూసి అదే మాట అనుకునేవాళ్లు.